కోడికాలి రాయి

మొన్న ఆదివారం మా పెదనాయన మనుమరాలు పవిత్ర కోయంబత్తూరు పక్కన పోదనూరులో ఉన్న మా ఇంటికి వచ్చింది. చంకలో ప్లాస్టిక్ ఫైలు. కాఫీ తాగింది, మురుకులు తిన్నది, మా కాలనీలో రైళ్ళ చప్పుడుకు నిద్ర ఎలా పడుతుందని అడిగింది. ఆ తర్వాత ఫైలు విప్పి, అసలు సంగతి బయటపెట్టింది. "అత్తా, లైసెన్సు సర్వేయర్ కావాలంటే ఏమేమి ఉండాల?" నాకు ఇంకా ముప్పైమూడేళ్ళే. ఈ వయసులో జ్ఞాపకాలు రాయడం కొంచెం తొందరపాటే. కానీ సలహా అడగడానికి ఒకరు బస్సెక్కి వచ్చారంటే మనం పెద్దవాళ్ళమైపోయినట్టే లెక్క. కాబట్టి గొంతు సవరించుకుని చెప్పాను. సివిల్‌లో డిప్లొమా ఉండాలి, లేదా ఐటీఐలో సర్వేయర్ కోర్సు చదివి ఉండాలి. తర్వాత ప్రభుత్వ సర్వేవాళ్ళ దగ్గర కొన్ని నెలలు శిక్షణ పొందాలి. గొలుసు లాగడం, మిషను నిలబెట్టడం, పాత పటం చూసి నేల మీద హద్దు పట్టుకోవడం నేర్చుకోవాలి. పరీక్ష రాయాలి. ఒక పొలం సొంతంగా కొలిచి, పటం గీసి, పక్క పొలాలవాళ్ళ సంతకాలు తెచ్చి చూపించాలి. అన్నీ సరిపోతే లైసెన్సు. కుక్కలంటే భయం ఉండకూడదని రూళ్ళలో రాయలేదు గాని, రాసి ఉండాల్సింది.

పవిత్ర అన్నీ రాసుకుంది. ఆమె తెచ్చిన దరఖాస్తులో 'మునుపటి అనుభవం' అని ఒక గడి ఉంది. పదేళ్ళ కిందట నా దరఖాస్తులో కూడా ఆ గడి ఉండేది. నేను 'లేదు' అని రాశాను. అది అబద్ధం. పుట్టిన పదకొండో రోజునుంచి ప్రతి శనివారం నేను ప్రభుత్వ సర్వే రాయి మీద కూర్చున్నాను. ఆ సంగతి దరఖాస్తు నింపేనాటికి నాకూ తెలియదు.

మా ఊరు కోయంబత్తూరునుంచి పళని పోయే దారిలో ఉంటుంది. పేరు చెప్పినా లాభం లేదు, బస్సు ఆగదు. ఊళ్ళో సగం తెలుగు ఇళ్ళు. మా తాతల తాతలు ఎద్దుబండ్లలో ఇటు వచ్చారని అంటారు, ఎందుకు వచ్చారో మాత్రం ఇంటికొకరు ఒక కథ చెబుతారు. తిరిగి పోవడానికి బండి దొరికి ఉండదని నా అనుమానం. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. మా ఇంట్లో మగవాళ్ళ స్నానం పొలంలో పంపుసెట్టు కింద. ఆడవాళ్ళకూ పిల్లలకూ పెరట్లో, కొబ్బరాకుల తడిక వెనుక. మా తాత ఆ తడిక దాటి వచ్చినట్టు ఎవరూ చూడలేదు. అలాగే మా అవ్వ పొలంలో కళ్ళం దాటి అవతలి మూలకు పోయినట్టు కూడా ఎవరూ చూడలేదు. ఆయన రాజ్యం ఆయనది, ఆమె రాజ్యం ఆమెది. మధ్యలో వంటిల్లు ఉండేది, అక్కడ ఇద్దరూ కలుసుకుని పోట్లాడుకునేవాళ్ళు.

శనివారం వచ్చిందంటే పొద్దున్నే రాగి అండా కింద కొబ్బరిపీచు రాజుకునేది. ఆ పొగ వాసన, దాని వెనుకే నూనె వాసన. నువ్వులనూనెలో నాలుగు మిరియాలు, ఒక తమలపాకు వేసి అవ్వ కాచేది. తర్వాత అరప్పు. అది మావైపు ఒక చెట్టు ఆకు ఎండబెట్టి కొట్టి, సీకాయలాగా తలకు రుద్దే పొడి. నీళ్ళతో కలిపితే పచ్చగా, జిగురుగా, చెరువు అడుగు బురదలా ఉంటుంది. కంట్లో పడితే దేవుళ్ళందరూ వరసగా కనబడతారు. అవ్వ వేళ్ళు సన్నగా ఉండేవి గాని, నా నెత్తి మీద పడితే రోకళ్ళే. ఆ తలంటు ఒక రాయి మీద జరిగేది. నల్లటి పొడుగాటి రాయి, పక్కకు పడుకోబెట్టి, సగం నేలలోకి దించి ఉండేది. ఒక కొన మీద నేను కూర్చుంటే చాచిన కాళ్ళు రెండో కొనకు అందేవి. ఆ కొన దగ్గర రాతి మీద మూడు గీతలు ఒకచోట కలిసి ఉండేవి, అచ్చం కోడి అడుగులాగా. అరప్పుకు కళ్ళు మూసుకున్నప్పుడు నేను కాలి బొటనవేలితో ఆ గీతలు వెతుక్కునేదాన్ని. మొదట మధ్య గీత, తర్వాత ఎడమది, తర్వాత కుడిది. మూడూ అయ్యేసరికి నీళ్ళు పడేవి.

"అవ్వా, ఇది ఏమి గుర్తు?" అని ఒకసారి అడిగాను.

"పళని మురుగన్ కోడి ఇట్ల పోతా ఒక అడుగు ఏసిపోయినాది కన్నా. అప్పుడు రాయి మెత్తగా ఉండె."

"రెండో అడుగు ఏదీ?"

"రెండోది తడిక దాటి ఏసినాది. కండ్లు మూసుకో."

తడిక అవతల చాలా రోజులు వెతికాను. దొరకలేదు. ఆ రోజుల్లో నా పరిశోధన అంతవరకే.

ఇంటి ముందు తిన్నె మీద మా తాతది వేరే రాయి గొడవ. మా పొలం ఈశాన్య మూలలో ఉండాల్సిన సర్వే రాయి నేను పుట్టిన ఏడాది మాయమైంది. దున్నేటప్పుడు చూసుకుంటే రాయి లేదు, గుంట మాత్రం ఉంది. ఆ మూలకు అవతల పొలం తోట తాతది. తోట తాత అంటే మా అవ్వకు సొంత అన్న, మా నాయనకు మేనమామ. తోటలోనే ఇల్లు కట్టుకుని ఉండేవాడు కాబట్టి పిల్లలందరికీ తోట తాత. రాయి ఎవరు తీశారు అన్న ప్రశ్నకు మా తాత ఒక్క పూట కూడా తీసుకోలేదు. పక్క పొలంవాడు తీయక ఇంకెవరు తీస్తారు? ఆ మాట టీకొట్టులో అన్నాడు, పాల సొసైటీలో అన్నాడు, చివరికి ఒక పెళ్ళిపందిట్లో భోజనాల వరసలో తోట తాత ఎదురుగా కూర్చుని ఉండగా అన్నాడు. తోట తాత ఆకు మడిచి లేచి వెళ్ళిపోయాడు. అప్పటికి పాయసం ఇంకా రాలేదు, అది మాత్రం మా వాళ్ళు ఇప్పటికీ బాధగా చెప్పుకుంటారు.

అప్పటినుంచి రెండు ఇళ్ళకూ మాటలు లేవు. తాత తాలూకాఫీసులో అర్జీ పెట్టాడు. అది ఏ బీరువాలోనో పడుకుంది, మా ఇంటి రాయిలాగే. పొలానికి పోయిన ప్రతిసారీ తన గొడుగుతో గట్టు పొడవు కొలిచేవాడు. ఈలోపు రెండు గొడుగులు మారాయి, కొలతలూ మారాయి. "మన ఇంట్లో ఒకరు సర్వేయర్ అయ్యుంటే," అని తిన్నె మీదికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, "వాడి వండవాళం బయటపడేది." వండవాళం అంటే మా వైపు బండారం. ఇలా వింటూ పెరిగినదాన్ని కాబట్టి సర్వేయర్ అంటే పోలీసుకూ పూజారికీ మధ్య ఏదో పెద్ద ఉద్యోగం అనుకునేదాన్ని.

అవ్వ ఈ విషయంలో ఏమీ అనేది కాదు. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు పెంచుకున్నారట. పెళ్ళయ్యాక కూడా శనివారం నూనె గిన్నె పట్టుకుని పొలం గట్టు మీదుగా పోయి, అన్న తలకు నూనె పెట్టి వచ్చేదట. "వాడి గట్టు దాటితే అట్నే ఉండిపో" అని మా తాత అన్నరోజునుంచి అది ఆగిపోయింది. మా పెరటి మెట్టు మీద నిలబడితే తోట తాత పంపుసెట్టు గది కనబడేది. నడిస్తే పది నిమిషాల దారి. మా అవ్వ ఇరవైమూడేళ్ళు నడవలేదు. శనివారం నా తలంటు అయ్యాక ఆమె ఖాళీ గిన్నె పట్టుకుని ఆ మెట్టు మీద కాసేపు నిలబడేది. గిన్నె ఆరబెడుతోందని అనుకునేదాన్ని. ఆయన తలకు పట్టాల్సిన నూనె కూడా నా తలకే పట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది. జుట్టు మాత్రం ఇంతే.

నేను సర్వే వైపు రావడానికి తాత మీద భక్తి కారణం కాదు. పాలిటెక్నిక్ మా బస్సు దారిలో ఉంది, కంప్యూటర్ కోర్సులో సీట్లు అయిపోయాయి. సివిల్ డిప్లొమా ముగించాక, లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ ఇస్తున్నారని తెలిసి చేరాను. మాకు నేర్పింది సెల్వం సార్ అని, రిటైరవడానికి దగ్గరలో ఉన్న పెద్దమనిషి. ఎండలో నాలుగు గంటలు నిలబడి కూడా చొక్కా నలగని మనిషి. మొదటి వారం ఆయన మమ్మల్ని తాలూకాఫీసు వెనుకకు తీసుకుపోయాడు. అక్కడ కొత్త రాళ్ళు కట్టెల మోపులాగా పేర్చి ఉన్నాయి, వాటి పక్కన గడ్డిలో ఒక పాత రాయి పడి ఉంది. నల్లటిది, పొడుగాటిది. కొన దగ్గర మూడు గీతలు.

"ఇది బాణం గుర్తు," అన్నాడు సార్. "తెల్లవాళ్ళ కాలంనుంచి ఉంది. ఈ గుర్తున్న రాయి పొలం మూలలో నిలబడితే హద్దు. కదిలిస్తే నేరం."

మిగతా పిల్లలు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. నేను చెప్పు విడిచి, కళ్ళు మూసుకుని, బొటనవేలు పెట్టి చూశాను. మధ్య గీత, ఎడమది, కుడిది. ముక్కుకు అరప్పు వాసన కూడా వచ్చింది, ఒట్టు. కళ్ళు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు.

"ఏమ్మా, రాయికి కాలు తగిలిస్తున్నావు?"

"సార్, ఇలాంటిది మా ఇంట్లో ఉంది. దాని మీద కూర్చుని స్నానం చేస్తాం."

నేరం అని ఆయన చెప్పి అర నిమిషం కూడా కాలేదు. సార్ నన్ను పక్కకు పిలిచి ఊరు, పొలం, మూల అన్నీ అడిగాడు. "నువ్వు శిక్షణ చివర ఒక పొలం కొలిచి చూపాలి కదా. మీ పొలమే కొలువు. నేను తనిఖీకి వచ్చే రోజుకు ఆ రాయి దాని చోటులో నిలబడి ఉండాలి. పక్క పొలంవాళ్ళ సంతకాలు ఉండాలి. లేకపోతే నువ్వు ఇప్పుడు చెప్పింది నేను విన్నట్టు రాయాల్సి వస్తుంది. అప్పుడు నీకు లైసెన్సు ఉండదు, మీ ఇంటికి నోటీసు ఉంటుంది." అంటే నా అర్హతల్లో ఒకటి మా స్నానాలగదిలో పాతి ఉంది.

ఆ శనివారం ఊరికి పోయాను. ఇరవైమూడేళ్ళ గాడిదనైనా అవ్వ నన్ను రాయి మీద కూర్చోబెట్టి నూనె పెట్టింది. అరప్పు రుద్దుతుండగా అడిగాను.

"అవ్వా, ఈ రాయి ఎక్కడిది?"

"మన పొలందే."

"ఏ మూల?"

ఆమె వేళ్ళు ఆగాయి. తర్వాత ఇంకా గట్టిగా కదిలాయి. "కండ్లు మూసుకో," అంది. మూసుకున్నాను. ఆ మూసుకున్న కళ్ళ ముందే మా అవ్వ అంతా చెప్పింది. తెరిచి ఉంటే చెప్పేది కాదేమో.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టిన పదకొండో రోజు సొంత పొలం ఈశాన్య మూలనుంచి ఒక రాయి తెచ్చి పెరట్లో వేస్తారు. దాని మీద బిడ్డకు తొలి స్నానం. తొలి చెంబు బిడ్డ తండ్రికి మేనమామ అయినవాడు పోయాలి. మగపిల్లవాడైతే నెల తిరగ్గానే రాయిని పొలంలో పడేస్తారు. ఆడపిల్లయితే పెళ్ళినీళ్ళు పోసేదాకా ఆ రాయి కదపకూడదు, కదిపితే పిల్లకు మంచిది కాదు అంటారు. మామూలుగా అందరూ పీటంత రాయి ఏదో ఏరుకొస్తారు. నేను పుట్టినప్పుడు అవ్వ మా పొలంలో పనిచేసే కరుప్పన్నను పిలిచి, ఈశాన్య మూలలో ఉండే రాయి తీసుకురమ్మంది. కరుప్పన్న చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. ఈశాన్య మూలలో ఉండే రాయి ఏది? ఉన్నది ఒక్కటే. గడ్డపారతో సగం రోజు తవ్వి, భుజాన వేసుకుని వచ్చాడు. అవ్వ ఆ మూల ఎప్పుడూ చూడలేదు, కాబట్టి మంచి రాయి తెచ్చావని పొగిడి, కడుపునిండా అన్నం పెట్టింది.

"మూడు నెలలకి మీ తాత కల్లు పోయినాది అని అరస్తా వచ్చినాడు," అంది అవ్వ. కల్లు అంటే తాగేది కాదు, మా వైపు హద్దురాయి. "అప్పుడు నేను ఇక్కడికి వచ్చి చూసినా. నువ్వు దీని మీద పండుకొని ఉండావు, నీళ్ళకి నవ్వుతా."

"అప్పుడే చెప్పాల్సింది కదా."

"చెప్తే కరుప్పన్నని తరిమేసుండు. సరి, కరుప్పన్న పోయినంక చెప్తామంటే, నీకు పెండ్లి కాలా. చెప్పినా అనుకో, ఆ పొద్దే రాయి పెరికేసుండు ఆ మనిషి. పిల్లకి ఏమన్నా అయితే?"

"దానికి మీ అన్నను దొంగను చేశావా?"

నెత్తి మీద నీళ్ళు పడ్డాయి. చాలా చెంబులు పడ్డాయి, అవసరానికి మించి. "మా అన్న పెద్దోడు," అంది చివరికి. "వాడు తాళతాడు. నువ్వు మూడు నెలల పిల్ల."

నాకు పదహారు నిండినప్పటినుంచి నా పెళ్ళి గురించి అవ్వ పడిన ఆరాటం ఊరంతటికీ తెలుసు. పళని కొండ ఎన్నిసార్లు ఎక్కిందో. నా మీద ప్రేమ అనుకున్నాను. అది నిజమే గాని, అందులో హద్దురాయి పాలు కూడా ఉందని ఆ రోజు అర్థమైంది. ఒక్కసారి గట్టు దాటి అన్న ఇంటికి పోవాలంటే ముందు నాకు మొగుడు దొరకాలి. ఇంత లావు బాధ్యత నా మీద ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వచ్చిన సంబంధాలకు అంతగా వంకలు పెట్టేదాన్ని కాదు, కనీసం ఒకటి రెండు వదిలేసేదాన్ని.

మర్నాడు సంతకం కోసం తోట తాత దగ్గరికి పోయాను. కాగితాలు చంకలో పెట్టుకుని, దొంగతనం మోపబడిన మనిషితో మొదటి మాట ఏం మాట్లాడాలో దారంతా వల్లించుకున్నాను. ఆయన పంపుసెట్టు గది ముందు నులకమంచం మీద కూర్చుని తమిళ పేపరు చదువుతున్నాడు. ఎనభై దగ్గర పడిన మనిషి. తల పండిపోయి, ఎండిన గడ్డిలాగా ఉంది. నూనె చూసి చాలా కాలమైన తల. నేను వల్లించుకున్నదేదీ అడగలేదు ఆయన.

"సుగుణ కాదా? రా, కూర్చో. టీ తాగతావా?"

కాగితం చూపించి, హద్దు కొలుస్తున్నాము, పక్క పొలం సొంతదారుగా మీ సంతకం కావాలి అన్నాను. కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా తమిళంలో పొడుగాటి సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇస్తూ, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు.

"ఆ కోడికాలు ఉండాదా ఇంకా? అరిగిపోయినాదా?"

టీ నా చేతిలోనే ఉండిపోయింది. "మీకు తెలుసా?"

"తొలి చెంబు పోసినది నేను కాదా. నువ్వు ఏడ్చిన ఏడుపుకి చెంబు వదిలేసి కిందికి చూసినా. కోడికాలు మాదిరి ఉండె. అప్పుడు తట్టలే. మీ తాత కల్లు పోయింది, కల్లు పోయింది అంటా ఊరంతా తిరిగినాడు చూడు, అప్పుడు తట్టింది."

"పెళ్ళిపందిట్లో అంత మాట అన్నప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా తాతా."

ఆయన పేపరు మడిచాడు. "చెప్పుంటే మా చెల్లెలు ఇంట్లోనే దొంగ అయ్యుండును. నేను అయితే పక్క పొలంలో దొంగ. కొంచెం దూరం ఉండాది కదా."

నాకు ఇలాంటి చోట్ల ఏదో ఒక ఎకసెక్కం నోటికి వస్తుంది. ఆ రోజు రాలేదు. టీలో చక్కెర ఎక్కువైందని మాత్రం అన్నాను. అది నిజం కూడా. తర్వాత అసలు చిక్కు చెప్పాను. రాయి పాతాలి, కానీ నా పెళ్ళి కాకుండా కదపడానికి అవ్వ ఒప్పుకోదు. తోట తాత గడ్డం గోక్కున్నాడు. "దీనికేమి. పెండ్లినీళ్ళు ఇప్పుడే పోసేస్తాము. పెండ్లికొడుకు నిదానంగా రానీ."

ఇంటికి వచ్చి అవ్వకు రెండూ చెప్పాను. అన్నకు మొదటినుంచీ తెలుసని, పెళ్ళినీళ్ళు ముందే పోద్దామన్నాడని. ఆమె చింతపండు పిసుకుతోంది. పిసకడం ఆపలేదు. గింజలు ఏరి పారేస్తూ, "వాడు చెప్తే సరి," అంది. ఆ రోజు రసంలో పులుపు భరించలేకపోయాం.

కొలిచిన రోజు మా తాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గొడుగు పట్టుకుని వచ్చాడు. ఇరవైమూడేళ్ళుగా ఎదురుచూసిన ముహూర్తం మరి. పాత పటం కొలతల ప్రకారం మిగిలిన మూడు రాళ్ళనుంచి గొలుసు లాగితే నాలుగో మూల దానంతట అదే తేలుతుంది. తేలింది. ఇప్పుడున్న గట్టుకు రెండడుగులు ఇవతల, మా వైపు తేలింది. రాయి పోయినప్పటినుంచి మా తాత జాగ్రత్త కోసం ఏటా గట్టును కొంచెం కొంచెంగా అవతలికి చెక్కిస్తూ వచ్చాడు. అంటే ఇన్నేళ్ళూ రెండడుగులు తిన్నది ఫిర్యాదుదారే.

"టేపు తప్పు," అన్నాడు తాత.

"గొలుసుతో కొలిచాను తాతా."

"గొలుసు సాగుంటాది."

మళ్ళీ కొలిచాను. రెండడుగుల ఒక అంగుళం వచ్చింది. మూడోసారి కొలవమనలేదు. "సరి, ఇక్కడ పాతడానికి రాయి ఏదీ?" అన్నాడు. "అది వాడింట్లో ఉండాది, పోయి అడుగు." అవతలి గట్టు మీద తోట తాత చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సరిగ్గా అప్పుడే మా ఇంటి వైపునుంచి చిన్న టెంపో వచ్చింది. ముందు సీటులో మా నాయన, వెనుక రాయి, రాయి పక్కన ఇత్తడి చెంబు పట్టుకుని మా అవ్వ. ఆమె కళ్ళం దాటి ఆ మూలకు రావడం అదే మొదటిసారి.

రాయిని దించారు. అన్నేళ్ళ నూనె తాగి అది ఎండలో నేరేడుపండులా మెరుస్తోంది. తాత దగ్గరికి వచ్చాడు. కోడికాలు చూశాడు. అరచేతితో రాయి నిమిరి, ఆ చెయ్యి వాసన చూసుకున్నాడు. అవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది, రెండు మాటల్లో. పదకొండో రోజు అంది, కరుప్పన్న అంది. పిడుగేదో పడుతుందని నేను గొలుసు కింద పెట్టేశాను.

"దీనికి ఇంత నూనె ఎవరు పెట్టమనినారు?" అన్నాడు తాత.

"మీరే కాదా, కల్లు జాగ్రత్త, కల్లు జాగ్రత్త అని ఊరంతా చెప్పినది."

కొలిచిన చోట గుంట తవ్వి రాయిని నిలబెట్టారు. నన్ను దాని పక్కన, చెమట పట్టిన శిక్షణ యూనిఫాంలోనే, పెళ్ళికూతురిలాగా కూర్చోబెట్టారు. తోట తాత గట్టు దిగి వచ్చాడు. అవ్వ చెంబు అందించింది. ఇరవైమూడేళ్ళ తర్వాత అన్న మొహం చూసి ఆమె పలికిన మొదటి మాట, "తలకి నూనె పెట్టేదే లేదా నువ్వు?" ఆయన నా నెత్తి మీద, రాయి నెత్తి మీద, చెరిసగం నీళ్ళు పోశాడు. ఎండ మాడుతోంది. మా తాత క్షమించమని అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు లేదు. గొడుగు విప్పి, నీళ్ళు పోస్తున్న బావ నెత్తి మీద పట్టుకున్నాడు. ఆ గొడుగుకు ఒక పక్క పెద్ద కన్నం ఉండేది. ఆ కన్నం పక్క తన మీద ఉండేలా తిప్పి పట్టుకున్నాడు. అంతే జరిగింది. తర్వాత అందరూ గుంట పూడ్చారు, పాత గట్టు రెండడుగులు వెనక్కి వచ్చింది.

తనిఖీకి వచ్చిన సెల్వం సార్ రాయి చుట్టూ చీమల బారు చూసి, ఏమిటమ్మా ఇది అన్నాడు. నువ్వులనూనె సార్ అన్నాను. ఆయన కాగితం మీద 'సరి' అని రాసి సంతకం పెట్టాడు. లైసెన్సు వచ్చింది.

ఇప్పుడు నా పనిలో గొలుసు లేదు. ఆకాశంలో ఉపగ్రహాలు చెబుతాయి, నా చేతిలో కర్ర మీది మిషను వింటుంది, మూల ఎక్కడుందో గోరంత తేడా లేకుండా తేలుతుంది. రాయి మాయమైనా ఎవరూ ఎవరినీ పందిట్లో తిట్టనక్కరలేదు. వాట్సాప్‌లో తిట్టుకుంటారు, భోజనం మధ్యలో ఎవరూ లేవరు. ఊళ్ళో మా పెరటి తడిక పోయి, టైల్స్ వేసిన బాత్‌రూము వచ్చింది. ఆరేళ్ళ కిందట నిజంగా నాకు పెళ్ళినీళ్ళు పోసినప్పుడు నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు వేశారు. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఒక గుర్తు కూడా లేదే" అంది. అప్పటికి తోట తాత లేడు. ఇప్పుడు ముగ్గురూ లేరు. నేను కొలిచే పొలాలు చాలావరకు నేను కొలిచాక పొలాలుగా ఉండవు, ఇళ్ళస్థలాలైపోతాయి. మా మూల మాత్రం ఇంకా ఉంది. పవిత్రకు కొలవడం నేర్పాలంటే అక్కడికే తీసుకుపోతాను. మధ్యాహ్నం భోజనం దొరుకుతుంది కదా.

"అత్తా, ఈ అనుభవం గడిలో ఏమి రాయాల?" అని పవిత్ర వెళ్ళేముందు మళ్ళీ అడిగింది. 'లేదు' అని రాయమన్నాను. రూలు ప్రకారం అదే సరి.

రాయి పాతిన తర్వాత వచ్చిన శనివారం నేను ఊళ్ళోనే ఉన్నాను. అండా కింద పీచు రాజుకుంది, నూనె వాసన వచ్చింది. అలవాటుగా పెరట్లోకి పోయి, రాయి లేచిపోయిన గుంట పక్కన గొంతుక్కూర్చున్నాను. ఎంతసేపటికీ అవ్వ రాలేదు. లేచి పెరటి మెట్టు మీదికి పోయి చూశాను. పొలం గట్టు మీద, చేతిలో నూనె గిన్నె ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని, మా అవ్వ తోట వైపు నడుస్తోంది. రాయి దగ్గర ఆగలేదు, దాని వైపు చూడను కూడా లేదు. పంపుసెట్టు గది ముందు తోట తాత చొక్కా విప్పి, మంచం ఎండలోకి లాక్కుంటున్నాడు. ఆ రోజు నా తల నేనే అంటుకున్నాను. కళ్ళ నిండా అరప్పు పడింది.